క్వాలిటీ సర్కిళ్లు: ఏళ్ల తరబడి నడిపాక ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్ సమీక్ష

కార్మికులకు పని మీద ఆసక్తి పెంచుతామంటూ ఈ మధ్య రకరకాల యాప్‌లు వస్తున్నాయి. వాటికంటే చాలా పాతది, ఖర్చు పెద్దగా లేనిది క్వాలిటీ సర్కిల్. పటాన్‌చెరు వైపు వాల్వులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను చాలా ఏళ్లుగా దీన్ని నడుపుతున్నాను. సరిగ్గా నడిపితే ఇంతకంటే మంచి పద్ధతి నాకు ఇప్పటిదాకా కనపడలేదు. నడపలేమనుకుంటే మాత్రం మొదలుపెట్టకపోవడమే నయం. ఒకసారి మాట చెప్పి, దానికి జవాబు రాక విసిగిపోయిన మనిషి రెండోసారి నోరు విప్పడు.

తెలియనివాళ్ల కోసం కొంచెం. ఒకే చోట పనిచేసే ఆరుగురు నుంచి పది మంది దాకా తమ ఇష్టంతో ఒక జట్టుగా చేరతారు. వారానికో గంట కూర్చుని, తమ పనిలో ఉన్న సమస్యను తామే ఎంచుకుని, కారణం వెతికి, పరిష్కారాన్ని మేనేజ్‌మెంట్ ముందు పెడతారు. 1962లో జపాన్‌లో కౌరు ఇషికావా చొరవతో ఇది మొదలైంది. మన దేశంలో తొలి సర్కిళ్లు పెట్టింది మాకు పక్కనే ఉన్న రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో, 1980 ప్రాంతంలో. అప్పుడు అక్కడ జనరల్ మేనేజర్‌గా ఉన్న ఎస్.ఆర్. ఉడ్ప దానికి ఆద్యుడు. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కూడా హైదరాబాద్ కేంద్రంగానే ఏర్పడింది. ఇంత దగ్గర పుట్టిన పద్ధతి గురించి మన ఇండస్ట్రియల్ ఏరియాల్లోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మా సర్కిల్ మొదట ఎంచుకున్నది రిజెక్షన్ (తనిఖీలో పీసులు పనికిరావని తీసేయడం) సమస్య కాదు. కాస్టింగులు (పోతపోసిన లోహపు ముక్కలు) నింపిన బిన్‌లు నేల మీద ఉండేవి. ప్రతి పీసుకీ ఆపరేటర్ వంగాలి. షిఫ్ట్ అయ్యేసరికి నడుములు పట్టేసేవి. ‘ఇది క్వాలిటీ సమస్య ఎలా అవుతుంది?’ అని పైనుంచి ప్రశ్న వచ్చింది. వాళ్లు ఎంచుకున్నదే ముందు చేద్దామని నేను పట్టుబట్టాను. వెల్డింగ్ షాపులో మిగిలిపోయిన ఐరన్ యాంగిళ్లతో నడుము ఎత్తు స్టాండ్లు చేయించాం. ఆ స్టాండ్లు వచ్చాకే మీటింగుల్లో అందరూ మాట్లాడటం మొదలైంది. అదే సమయంలో పక్క లైన్‌లో మేనేజర్ సమస్య చెప్పి మొదలుపెట్టించిన సర్కిల్ కొన్ని నెలలకే రిజిస్టర్‌లో పేరుగా మిగిలిపోయింది.

ఆ తర్వాత పట్టుకున్నది గీతల సమస్య. మెషినింగ్ పూర్తయిన సీలింగ్ ఫేస్ (వాల్వు మూసినప్పుడు లీకు ఆపే నున్నటి భాగం) మీద గీతలు పడి, టెస్టింగులో వాల్వులు లీకయ్యేవి. డిపార్ట్‌మెంట్ అంతా టూల్‌ని అనుమానించింది. ఏ షిఫ్టులో, ఏ మెషిన్ దగ్గర, ఎన్ని అని ఆపరేటర్లే చెక్‌షీట్ నింపుకుంటూ పోతే, ఎక్కువ భాగం సి షిఫ్టులో, అంటే రాత్రి షిఫ్టులో తేలాయి. మెషిన్లు అవే, టూల్స్ అవే. చేపముల్లు బొమ్మ (సమస్యకు ఉండే కారణాలన్నీ చేప ముళ్లలా గీసి చూపే పటం) గీసుకుని అందరూ తర్జనభర్జన పడుతుంటే, పక్కన నిలబడి వింటున్న ఒడిశా కుర్రాడు, ట్రేలు మోసే హెల్పర్, హిందీలో చెప్పాడు: రాత్రిపూట ట్రాలీలు చాలవు భయ్యా, ట్రే మీద ట్రే పెట్టేస్తాం. లైన్‌కు ఉన్న ఒక ట్రాలీని రాత్రిళ్లు డిస్పాచ్ వాళ్లు తీసుకెళ్తున్నారని అప్పుడు బయటపడింది. ట్రాలీని లైన్‌కే కేటాయించి, ట్రేల అడుగున రబ్బరు షీట్ అంటించాం. ఆ రకం రిజెక్షన్ దాదాపు ఆగిపోయింది.

కానీ ఆ కుర్రాడు కాంట్రాక్ట్ మనిషి. సర్కిల్‌లో సభ్యుడు కాదు. ప్రెజెంటేషన్‌లో అతని పేరు లేదు, చేతికి సర్టిఫికెట్ రాలేదు. ఈ పద్ధతిని చాలాచోట్ల నడిపే తీరులో నాకు కనిపించే అతి పెద్ద లోపం ఇదే. పర్మనెంట్ వాళ్లతోనే సర్కిల్ కడితే, వస్తువును రోజూ చేత్తో మోసేవాడు బయటే నిలబడి ఉంటాడు.

సమయం గురించి కూడా చెప్పాలి. ఎ షిఫ్ట్ రెండింటికి దిగుతుంది, కంపెనీ బస్సు కాసేపట్లో బయల్దేరుతుంది. డ్యూటీ అయ్యాక మీటింగ్ అంటే బస్సు పోతుందన్న టెన్షన్‌తో ఎవరూ కుదురుగా కూర్చోరు. అందుకని డ్యూటీలోనే చివరి గంట ఇప్పించాం. ఆ గంట ప్రొడక్షన్ తగ్గుతుందని ప్లానింగ్ వాళ్లు గొణుగుతారు, గొణగనివ్వాలి. డ్యూటీ తర్వాతే కూర్చోబెట్టాలంటే చట్టప్రకారం రెట్టింపు ఓటీ కట్టాలి. ఊరికే కూర్చోమనడం అన్యాయం.

ఇక జవాబు. సర్కిల్ బతికేది దాని మీదే. మా బోర్డు మీద ప్రతి సూచన పక్కన తేదీ, చూడాల్సిన వాళ్ల పేరు ఉంటాయి. వారంలోగా జవాబు రాయాలి. కుదరదంటే ఎందుకు కుదరదో రాయాలి. కుదరదన్నా మావాళ్లు పెద్దగా బాధపడరు, ఏమీ చెప్పకపోతేనే మనసు విరిగిపోతుంది. మెయింటెనెన్స్ వాళ్లతో దీని గురించి నేను ఎన్నోసార్లు గొడవ పడ్డాను. అయినా ఆ గడువు మాత్రం సడలించలేదు.

పోటీల విషయంలో నాది మిశ్రమ అభిప్రాయం. ఫోరం సదస్సులు మంచి వేదిక. మేనేజర్ ఎదుట తలెత్తి మాట్లాడని మా టెస్టింగ్ బెంచ్ అక్క అక్కడ మైకు పట్టుకుని పారెటో చార్టు (ఏ కారణం వల్ల ఎక్కువ నష్టమో వరుసగా చూపే పటం) వివరిస్తుంటే నా ఛాతీ పొంగింది. కానీ బహుమతి మీద గురి పెట్టిన చోట ఇంజనీర్లు స్లైడ్లు తయారుచేస్తారు, ఆపరేటర్లు బట్టీపడతారు. మా దగ్గర చార్టులు చేత్తోనే గీస్తాం, గీసినవాళ్లే చెబుతారు.

జీతానికి ఇది బదులు కాదు. వేజ్ సెటిల్‌మెంట్ పెండింగ్‌లో ఉన్న నెలల్లో మా మీటింగులకు సగం మంది కూడా రాలేదు. నాకది సబబుగానే అనిపించింది.

ఇప్పుడు కాంట్రాక్ట్ వాళ్లను కూడా సభ్యులుగా తీసుకుంటున్నాం, మీటింగ్ సగం తెలుగులో, సగం హిందీలో నడుస్తుంది. చిక్కల్లా కాంట్రాక్టర్ మారినప్పుడే. నేర్చుకున్న మనిషి వెళ్లిపోతాడు. సర్కిల్‌లో ఉన్నవాళ్లను అదే లైన్‌లో కొనసాగించాలని కొత్త ఒప్పందంలో రాయమని హెచ్ఆర్‌ను అడుగుతున్నాను. ఇంకా ఒప్పుకోలేదు. ఈ నెలాఖరు రివ్యూలో గీతల చెక్‌షీట్లు ముందు పెట్టి మళ్లీ అడగబోతున్నాను.