ఐదో నెలలో పళ్ళ క్లీనింగ్: పాలకొల్లులో నేను చూపించుకున్న క్లినిక్

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. నాకిది రెండో కానుపు. మూడో నెల నుంచే పళ్ళు తోముకుంటుంటే రక్తం కనపడేది. ఐదో నెలకి కింది వరసలో చిగురు ఉబ్బిపోయి, జామకాయ కొరికితే ముక్క మీద ఎర్రగా అంటుకునేది. "ఒక్కో కానుపుకి ఒక్కో పన్ను పోతుందమ్మా, నాకూ అంతే" అన్నారు మా అత్తగారు.

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు వేరే ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు నోరైనా చూడకుండా "డెలివరీ అయ్యాక రండి" అని పంపేశారు. ఆ దవడ పన్ను చివరికి పీకించుకున్నాను. అందుకే ఈసారి ఆగలేదు. అత్తగారిని వెంటబెట్టుకుని చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్ళాను.

క్లినిక్ మేడ మీద ఉంది, 22 మెట్లు, లిఫ్ట్ లేదు. నెలలు నిండినవాళ్ళకి చాలా కష్టం. 11 గంటలకి రమ్మని పన్నెండుంబావుకి పిలిచారు. నాకు నచ్చనివి ఈ రెండే.

లోపలికి వెళ్ళాక డాక్టరమ్మ ముందు ఎన్నో నెల, బీపీ, షుగర్, ఏ మందులు వాడుతున్నాను, అన్నీ అడిగి నా ఫైలు మొత్తం చూశారు. కుర్చీని పూర్తిగా వాల్చలేదు. నా కుడి తుంటి కింద టవల్ మడిచి పెట్టి, కాస్త ఎడమకి ఒరిగేలా పడుకోబెట్టారు. వెల్లకిలా ఉంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరుగుతాయట. ఆ టవల్ చూశాకే నా టెన్షన్ సగం తగ్గింది.

చిగుళ్ళు వాయడానికి కారణం కడుపుతో ఉన్నప్పుడు పెరిగే హార్మోన్లని చెప్పారు. పళ్ళ మీద కొంచెం పాచి ఉన్నా ఈ టైములో చిగుళ్ళు ఎక్కువగా వాస్తాయి. ఆ తర్వాత అత్తగారి వైపు తిరిగి, "బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం లాక్కోదమ్మా. వాంతులతో వచ్చే పులుపు పళ్ళని తినేస్తుంది, దానికి తోడు వికారమని సరిగ్గా తోముకోరు. పళ్ళు పాడయ్యేది అందుకే" అన్నారు.

ఆ మాట నాకు బాగా తగిలింది. వేవిళ్ళ రోజుల్లో వాంతి అయిన ప్రతిసారీ నోరు శుభ్రంగా ఉంటుందని వెంటనే బ్రష్ పట్టుకునేదాన్ని. అది తప్పట. పులుపుకి మెత్తబడిన పన్ను బ్రష్‌తో ఇంకా అరిగిపోతుందట. గ్లాసుడు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయాలి, కనీసం అరగంట ఆగి అప్పుడు తోముకోవాలి. రెండో నెలలోనే నాకెవరైనా ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

క్లీనింగ్‌కి అరగంట పట్టింది. కాస్త జివ్వుమంది తప్ప నొప్పి లేదు. ఒక పుచ్చు పన్నుకి మత్తు సూది వేసి సిమెంట్ పెట్టారు. ఆ మత్తు బిడ్డకి ఇబ్బంది కాదని, నాలుగు నుంచి ఆరో నెల మధ్య ఇలాంటి పనులకి అనువుగా ఉంటుందని, నొప్పి భరించలేనంత ఉంటే ఏ నెలైనా ఆగకూడదని చెప్పారు. నొప్పికి పారాసెటమాల్ రాశారు. మెడికల్ షాపులో అడిగి వేరే నొప్పి బిళ్ళలు, యాంటీబయోటిక్స్ మింగొద్దని రెండుసార్లు చెప్పారు. ఫీజు 200, క్లీనింగ్ 900, సిమెంట్‌కి 1,200 అయింది. ఖరీదైన పేస్టు ఏదీ అంటగట్టలేదు. మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న ఏ పేస్టయినా చాలన్నారు.

ఇది జరిగి మూడు వారాలైంది, రక్తం దాదాపు ఆగిపోయింది. ఎనిమిదో నెలకి వాపు మళ్ళీ రావచ్చు, కానుపయ్యాక తగ్గుతుంది, ఎందుకైనా మంచిది, ఒకసారి చూపించుకోమన్నారు. కడుపుతో ఉన్నవాళ్ళు మధ్యాహ్నం వెళ్ళండి, ఆ వేళ జనం తక్కువట. పక్కన ఒక మనిషిని తీసుకెళ్ళండి, ఆ మెట్లు ఒంటరిగా ఎక్కొద్దు. ఈసారి మా అత్తగారు కూడా తన పళ్ళు చూపించుకుంటానన్నారు. ఇద్దరికీ కలిపి గురువారానికి టైము తీసుకున్నాం.