ఉబుంటు ల్యాప్‌టాప్ లేటుగా ఆన్ అవుతోందా? ఎస్‌ఎస్‌డీ మార్పించే ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి వైపు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు కాస్త జాగ్రత్త. మా చెల్లి బీటెక్ కోసం నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో 16,500 పెట్టి ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన ల్యాప్‌టాప్ కొన్నాం. ఆన్ చేసిన ప్రతిసారీ నల్ల తెర మీద అర నిమిషం ఆగిపోయేది. సస్పెండ్, రెజ్యూమ్ డివైజ్ కోసం చూసి చూసి వదిలేశానని ఇంగ్లీషులో ఒక లైను పడేది, ఆ తర్వాతే లాగిన్ వచ్చేది.

షాపుకి తీసుకెళ్తే ఆ లైను చదవను కూడా చదవలేదు. ‘ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లన్నీ ఉండే డిస్కు) పోతోంది, కొత్తదానికి 2,800 అవుతుంది’ అన్నారు. చెల్లి ప్రాజెక్టు ఎక్కడ పోతుందోనని టెన్షన్‌తో ఇచ్చేశాం. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి క్లోన్ చేసి ఇచ్చారు. ఇంటికొస్తే మళ్లీ అదే అర నిమిషం! ఫోన్ చేస్తే ఈసారి మదర్‌బోర్డు అన్నారు.

ఒంగోలు నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చినప్పుడు చూపించాం. అమ్మే ముందు షాపువాళ్లు స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు, హైబర్నేట్ చేసినప్పుడు వాడుకునే డిస్కు భాగం) తీసేశారట. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ ఫోల్డర్‌లోని ‘రెజ్యూమ్’ ఫైలులో మాత్రం దాని యూయూఐడీ (ఆ పార్టిషన్‌ గుర్తింపు నంబరు) అలాగే ఉంది. లేని పార్టిషన్ కోసం మెషిన్ రోజూ ఎదురుచూస్తోంది. క్లోన్ చేస్తే తప్పు కూడా దాంతోపాటే వచ్చింది.

అన్నయ్య ఆ ఫైలులో ‘రెజ్యూమ్=నన్’ (దేనికోసమూ చూడొద్దు) అని మార్చాడు. రీస్టార్ట్ చేస్తే ఏమీ మారలేదు. నిజంగానే మదర్‌బోర్డేమోనని నాకు భయం వేసింది. అప్పుడు చెప్పాడు: ఆన్ అయ్యేటప్పుడు డిస్కులోని అసలు సిస్టమ్ కంటే ముందుగా పనిచేసేది బూట్ ఫోల్డర్‌లో ఉన్న ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ అనే చిన్న స్టార్టప్ ఫైలు. దాన్ని తయారుచేసిన రోజు ఉన్న సెట్టింగులే అందులో కాపీ అయి ఉంటాయి. ఫైలు మార్చాక ఇమేజ్‌ని మళ్లీ కట్టాలి. బూట్ పార్టిషన్‌లో ఖాళీ ఉందో లేదో చూసుకుని (నిండిపోయి ఉంటే ఇమేజ్ సగంలో ఆగిపోతుందట) ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు’ కొట్టాడు. నిమిషం కూడా పట్టలేదు. ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు.

షాపువాడు డిస్కు పోయిందంటే స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే రిపోర్టు) తెరిచి చూపించమనండి. తెర మీద పడిన మెసేజ్ ఫోటో తీసుకోండి. మాకు పడ్డ మెసేజే అయితే డబ్బు కట్టేముందు ‘రెజ్యూమ్’ ఫైలు సరిచేసి, ఇమేజ్ ఒకసారి మళ్లీ కట్టి చూడమనండి. బిల్లు తప్పకుండా తీసుకోండి, మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మా పాత ఎస్‌ఎస్‌డీ ఇంకా ఆ షాపులోనే ఉంది. అందులో చెల్లి ఆధార్, మార్కుల లిస్టుల స్కాన్లు ఉన్నాయి. సోమవారం బిల్లు పట్టుకుని వెళ్తున్నాను. డిస్కు తీసుకోకుండా తిరిగి రాను.