ఎల్‌హెచ్‌బీ (కొత్త తరహా) మోడల్ బోగీలకు కప్లింగ్ ఎక్కడ బిగించాలి? కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

నా లేఅవుట్ (ఇంట్లో వేసుకున్న మోడల్ రైలు మార్గం) హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు రైలులో 87వ వంతు. స్టేషను విశాఖపట్నం తరహాది. విజయవాడ వైపు నుంచి వచ్చి ఒడిశా వెళ్లే రైలు అక్కడ దిశ మార్చుకుంటుంది. ఇంజను విడిపోయి రెండో కొసకు వచ్చి తగులుకోవాలి. అందుచేత ఇంజనునూ బోగీలనూ ఒకదానికొకటి తగిలించే కప్లింగ్ నాకు ఒక అలంకారం కాదు, ప్రతి ఆటలోనూ పని చేయాల్సిన వస్తువు.

నేను కొన్న బోగీలకు కప్లింగ్ కింది చక్రాల ట్రక్కుకే అతికించి వచ్చింది. ట్రక్కుతో పాటు అదీ తిరుగుతుంది కాబట్టి ఎంత ఇరుకు వంపులోనైనా లాగినంతసేపు ఇబ్బంది లేదు. నెట్టినప్పుడే అసలు గొడవ. ఇంజను తోసే బలమంతా ట్రక్కు మీద పడి దాన్ని పక్కకు తిప్పుతుంది, చక్రం అంచు పట్టా ఎక్కుతుంది. తోపుడు బండిని ముందు చక్రం పట్టుకుని నెట్టినట్టే.

అందుకే కప్లింగులను బోగీ అడుగుకే మార్చాను. వాడింది కేడీ కంపెనీ 148 రకం కప్లింగ్, అది ఊగే చిన్న డబ్బాతో సహా. అడుగున 1.6 మి.మీ. రంధ్రం, ఎం2 మర, ఒక స్క్రూ, అంతే పని. ఎత్తు మాత్రం కేడీ 205 గేజితో చూసుకోవాల్సిందే: పట్టా పైభాగం నుంచి కప్లింగ్ మధ్యకు 9.9 మి.మీ. ఎత్తులు కలవకపోతే వాలు మొదలయ్యే చోట ఒకటి కిందికి జారి రైలు రెండు ముక్కలవుతుంది.

ఇక వంపుల సంగతి. చాలామంది బోగీ పొడవే చూస్తారు. నేను చూసేది ట్రక్కు దాటి బయటకు వేలాడే కొస. అసలు ఐసీఎఫ్ (పాత తరహా) బోగీ పొడవు 21.3 మీటర్లు, ఎల్‌హెచ్‌బీ 23.5 మీటర్లు. ట్రక్కుల మధ్య దూరం మాత్రం ఒకదానికి 14.8, మరొకదానికి 14.9 మీటర్లు. పెరిగిన పొడవంతా దాదాపుగా కొసల్లోకే వెళ్లిందన్నమాట. మోడల్లో ఐసీఎఫ్ కొస సుమారు 38 మి.మీ. వేలాడితే, ఎల్‌హెచ్‌బీది 50. లెక్క వేస్తే 457 మి.మీ. వ్యాసార్ధపు వంపులో ఐసీఎఫ్ కొస పట్టాల మధ్యగీత నుంచి ఎనిమిదిన్నర మి.మీ. బయటకు జరుగుతుంది, ఎల్‌హెచ్‌బీది 12. వంపు మధ్యలో రెండు పక్క బోగీలూ ఒకే వైపు జరుగుతాయి కనుక బాధ లేదు. వంపులోకి ప్రవేశించే చోట ఒకటి జరుగుతుంది, రెండోది జరగదు. ఎస్ ఆకారపు వంపులో అయితే తేడా రెట్టింపై 24 మి.మీ. అవుతుంది, అంత ఊపు ఆ చిన్న డబ్బాలోని కప్లింగ్‌కు లేదు, పక్క బోగీని పట్టాల మీది నుంచి ఈడ్చేస్తుంది.

అందువల్ల ప్రధాన మార్గంలో వంపులన్నీ 800 మి.మీ. పైన వేశాను; బోగీ పొడవుకు మూడు రెట్లు ఉండాలన్న పాత సూత్రం నా అనుభవంలో నిలబడింది. రెండు ఎదురు వంపుల మధ్య ఒక బోగీ పొడవు తిన్నని పట్టా ఉంచాను. ఆ తర్వాత బోగీలన్నీ తగిలించిన నిండు రేక్‌ను వెనక్కి నెట్టడం మామూలు పని అయిపోయింది. ఒక్కో ఎల్‌హెచ్‌బీ బోగీ బరువు 180 గ్రాములకు తేవడం కూడా కలిసొచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. వంపు మీద కప్లింగులు వాటంతటవి కలవవు. మూతులు ఎదురెదురుగా ఉండవు. కలపడానికి తిన్నని చోటు వెతుక్కోవాలి. ఐసీఎఫ్ బోగీల కొసన ఉండే పక్క బఫర్లు (తాకిడి ఆపే గుండ్రటి దిమ్మెలు) దగ్గరగా ఉంటే వంపులో ఒకదానికొకటి చిక్కుకుంటాయి, కాబట్టి మధ్యలో కాస్త సందు వదలాలి. ఆ సందు కంటికి ఇంపుగా ఉండదు. ఎల్‌హెచ్‌బీకి ఆ బెడద లేదు. అసలు రైల్లోనే దానికి పక్క బఫర్లు ఉండవు, చట్రం కొస మధ్యలో ఉండే కప్లింగే ఆ పనీ చేస్తుంది.

సందు భరించలేనివారికి మరో దారి ఉంది: వంపులో తనంతట ముందుకు జరిగే ఎన్‌ఈఎం (ఐరోపా మోడల్ రైళ్ల ప్రమాణం) జేబు, అంటే కప్లింగ్ దూర్చే గూడు. తిన్నని దారిలో బోగీలు ఆనుకుని నడుస్తాయి. అయితే దానికి కదలని గట్టి బార్ ఉండాలి, కేడీ వంటి వదులు కప్లింగ్ పెడితే జేబు సరిగా తిరగదు. ఒక రేక్‌లో మధ్య బోగీలకు దీన్ని, ఇంజను తగిలే రెండు కొసలకు కేడీని పెట్టాను. ఇప్పటికి నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే.

457 మి.మీ. వంపుకు మించి గదిలో చోటు లేకపోతే ట్రక్కు కప్లింగులను కదపకండి. రైలును నెట్టే అవసరమే రాకుండా స్టేషను వెనుక ఒక లూపు వేసుకోండి.