డాలస్ దాకా అమ్మా నేనూ చూసిన సినిమాలు

శంషాబాద్‌లో తెల్లవారుజామున విమానం ఎక్కితే నాలుగు గంటల్లో ఒక గల్ఫ్ నగరం. అక్కణ్ణుంచి డాలస్‌కు ఇంకో పదహారు గంటలు. నా చెల్లెలి దగ్గర ఆరు నెలలు ఉండడానికి వెళ్తున్న అమ్మను దిగబెట్టడానికి నేనూ వెళ్లాను. అమ్మ విమానం ఎక్కడం అదే మొదలు. కాళ్లు చాపుకోవడానికి బాగుంటుందని అదనంగా డబ్బు కట్టి మొదటి వరస సీట్లు తీసుకున్నాను. కాళ్లకు సుఖంగానే ఉంది. కానీ ఆ వరసకు ఎదురుగా సీటు ఉండదు కాబట్టి తెర చెయ్యి ఆన్చుకునే చోటు లోంచి పైకి లాగాలి. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు దాన్ని మళ్లీ మడిచి లోపల పెట్టేయాలి. సినిమాలతో పొద్దుపుచ్చాలనుకునేవాళ్లు ఆ వరస జోలికి పోకండి.

తెలుగు అని ఉన్న చోట నొక్కితే పదకొండు సినిమాలు వచ్చాయి. సంతోషపడి అమ్మకు ఒకటి పెట్టిచ్చాను. రెండు నిమిషాలు కాకముందే హెడ్‌ఫోన్ తీసేసి, "తెలుగు పిక్చర్ల హిందీ మాట్లాడుతున్నరేందిరా?" అంది. చూస్తే నిజమే. తెలుగు సినిమాకు హిందీ డబ్బింగ్ పెట్టి తెలుగు వరసలో ఉంచారు. పదకొండింటినీ తెరిచి చూశాను, ఐదు అలాంటివే. కింద ఇంగ్లిష్, అరబిక్ అక్షరాలు వస్తున్నాయి, అమ్మకు ఆ రెండూ రావు. ఈ దారిలో వెళ్లే పెద్దవాళ్లలో చాలామంది అమ్మలాంటివాళ్లే. పిల్లల కోసం, మనవల కోసం పోతుంటారు. పదహారు గంటల ప్రయాణంలో తెలుగు అని పెట్టినవాటిలో కూడా దాదాపు సగం వాళ్లకు అర్థం కాకపోవడం నాకు చాలా బాధనిపించింది. దిగాక ఆ సంస్థకు రాశాను. అందరూ రాయాలి.

ఎందుకైనా మంచిదని టాబ్లెట్‌లో 'బలగం' ఎక్కించుకుని వెళ్లాను. వేణు యెల్దండి తీసిన 2023 సినిమా. ఇంటి పెద్ద కొమురయ్య చనిపోతాడు, పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు, ఇంట్లోవాళ్ల పాత పంచాయితీలన్నీ బయటపడతాయి. మాది కరీంనగర్ వైపు ఊరు. అమ్మ మొదట్లో నవ్వుతూ చూసింది. చివర్లో బుడగ జంగాల పాట మొదలయ్యేసరికి కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. సినిమా అయిపోయాక చాలాసేపటికి, "మీ బాపుకు సుత పిట్ట జల్దిన ముట్టలే, యాదికుందా?" అంది. బాపు పోయి తొమ్మిదేళ్లు. ఆ రోజు గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదటిసారి. థియేటర్‌లో చూసినప్పుడు నాకు ఆ చివరి పాట కాస్త పొడుగనిపించింది. ఆ మాట ఇప్పుడు అనను.

ఆమె పడుకున్నాక 'ఆర్ఆర్ఆర్' పెట్టుకున్నాను. దానికి తెలుగు మాటలే ఉన్నాయి. బ్రిటిష్ బంగళాలోకి జంతువులు దూకే ఘట్టంలో థియేటరంతా లేచి నిలబడడం నేను చూశాను. ఇక్కడ ఆ గుంపంతా చిన్న తెరలో ఇరుక్కుపోయింది. ఇంజిన్ హోరులో డప్పుల దెబ్బ చచ్చిపోయింది. ప్రకటన వచ్చినప్పుడల్లా బొమ్మ ఆగిపోయింది. అలాంటి సినిమాను ఇంత చిన్నగా చూడడం తప్పనిపించి సగంలో ఆపేశాను.

దాని బదులు '12 యాంగ్రీ మెన్' చూశాను. 1957 నాటిది, 96 నిమిషాలే. ఒక హత్య కేసులో తీర్పు చెప్పాల్సిన పన్నెండుమంది ఉక్కపోసే ఒకే గదిలో కూర్చుని ఒక కుర్రాడి ప్రాణం గురించి తేల్చాలి. మనమూ కదల్లేని గదిలోనే ఉంటాం కదా, ఆ చెమట, ఆ విసుగు మనకూ తెలుస్తాయి. అంతా మాటల మీద నడిచే సినిమా కాబట్టి వాళ్లిచ్చే హెడ్‌ఫోన్‌తో సగం వినపడదు. సొంతది తీసుకెళ్లండి. కొన్ని విమానాల్లో రెండు పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి పట్టే చిన్న అడాప్టర్ కూడా బ్యాగులో వేసుకోండి.

అన్నట్టు, శాకాహారులు టికెట్‌లో 'హిందూ మీల్' అని పెట్టించుకోకండి. అందులో కోడి, చేప కూడా రావచ్చు. 'ఏషియన్ వెజిటేరియన్' అని అడగాలి.

వెళ్లేటప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చింది 'పర్ఫెక్ట్ డేస్'. విమ్ వెండర్స్ 2023లో తీశారు. టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు కడిగే మనిషి కథ. రోజూ లేవడం, పరుపు మడవడం, మొక్కలకు నీళ్లు, క్యాసెట్‌లో పాట, మళ్లీ పని. కథానాయకుడిగా చేసిన కోజి యకుషోకు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. చివర్లో వ్యాను నడుపుతున్న ఆయన ముఖం ఒక్కటే చాలాసేపు కనిపిస్తుంది. నవ్వూ ఏడుపూ ఒకదాని మీదొకటి వస్తుంటాయి. జానెడు దూరంలో, చీకట్లో, ఆ ముఖం నా ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. విమానంలో ఇలాంటి ముఖాల సినిమాలే నిలబడతాయని అప్పుడే గట్టిగా అనిపించింది.

తిరుగు ప్రయాణంలో నేనొక్కణ్నే. 'పాస్ట్ లైవ్స్' చూశాను. సియోల్‌లో పన్నెండేళ్ల వయసులో విడిపోయిన ఇద్దరు, ఇరవై నాలుగేళ్లకు న్యూయార్క్‌లో ఎదురుపడతారు. మధ్యలో ఇద్దరూ వీడియో కాల్‌లో మాట్లాడుకునే భాగం ఉంటుంది. బొమ్మ ఆగిపోతుంది, మాట తెగిపోతుంది. చెల్లెలితో అమ్మ ఆదివారం మాటలు ఏళ్ల తరబడి అలాగే నడిచాయి. ఆఖర్న కారు వచ్చేదాకా ఇద్దరూ మాటల్లేకుండా నిలబడతారు. డాలస్‌లో నన్ను లోపలికి పంపి, చెల్లెలి పక్కన చెయ్యి ఊపుతూ నిలబడ్డ అమ్మే నాకు కనిపించింది. సినిమా మొత్తంలో నాకు మిగిలినవి ఆ రెండు చోట్లే, అవి చాలు.

ఆరు నెలలకు అమ్మ ఒక్కతే వస్తుంది. వీల్‌చెయిర్ సాయం చెప్పాం. ఆమె దగ్గరున్న టాబ్లెట్‌లోకి 'మహానటి', 'మాయాబజార్' కూడా ఎక్కించమని చెల్లెలికి చెప్పాను. 'బలగం' తీసేయొద్దని అమ్మే చెప్పింది. సీటు మాత్రం ఈసారి మామూలు వరసలో, నడవ పక్కన తీసుకున్నాం.