చలి చూడాలంటే లంబసింగా, మనాలీనా?

డిసెంబరు వస్తే చాలు, మా అపార్ట్‌మెంట్లో ఇదే ప్రశ్న. "పిల్లలకి మంచు చూపించాలండీ, లంబసింగి వెళ్లమంటారా, మనాలీనా?" అల్లూరి జిల్లా మన్యంలో, ఆంధ్రా కశ్మీర్ అని పిలిచే లంబసింగి, హిమాచల్‌లోని మనాలీ రెండూ చూసొచ్చాను కాబట్టి నన్నే అడుగుతారు.

ముందు ఏ మంచు కావాలో తేల్చుకోండి. మనకి గడ్డి మీద తడీ మంచే, ప్రకాశం బ్యారేజీని కమ్మే పొగా మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. ముద్ద చేసి విసురుకునే మంచు కావాలంటే లంబసింగిలో దొరకదు, మనాలీకే వెళ్లాలి. అక్కడైనా డిసెంబరులో ఊళ్లో పడుతుందన్న గ్యారంటీ లేదు, జనవరి నెలాఖరు నయం. లేకపోతే సోలంగ్ లోయకో, 2020లో తెరిచిన అటల్ టన్నెల్ దాటి సిస్సూకో పోవాలి. విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక రోజు, ఆపైన బస్సులో ఒక రాత్రి. ఆ నెలల్లో ఉత్తరాది పొగమంచుకి రైళ్లు గంటలకొద్దీ లేటు. సంక్రాంతి సెలవుల్లో సగం దారికే పోతాయి.

నా లెక్కలో అసలు విషయం దూరం కూడా కాదు, తెల్లవారుజాము. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. మబ్బు లేని రాత్రి నేలలోని వేడంతా పైకి పోతుంది, చల్లబడిన గాలి బరువెక్కి పల్లంలోకి జారి అక్కడే నిలుస్తుంది. అందుకే నాలుగింటి నుంచి ఏడింటి దాకా ఉండేదే చలి. పదింటికి కారు దిగి, ఫొటోలు తీసుకుని, "ఇదేం ఆంధ్రా కశ్మీరండీ" అని తిరిగొచ్చినవాళ్లని చూస్తే బాధేస్తుంది. రాత్రి అక్కడ పడుకోవాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి, మబ్బు పడితే చలి ఉండదు.

బెజవాడలో డిసెంబరు పొద్దున కొబ్బరినూనె కాస్త తెల్లగా పేరుకుంటుంది, అంతే. లంబసింగిలో సీసా బోర్లించినా చుక్క రాలలేదు. మోకాళ్ల నొప్పులని ఎక్కడికీ రాని మా అమ్మ, బయట చలిమంట ముందు ముక్కాలిపీట వేసుకుని, "చిన్నప్పుడు మా ఊళ్లో చలిమంటలు ఇలాగే వేసేవాళ్లురా" అంటూ ఎండ వచ్చేదాకా కదల్లేదు. మనాలీకి ఆవిణ్ని తీసుకెళ్లలేకపోయాను. లంబసింగికైతే రాత్రి రైల్లో తునిలో దిగి, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కేశాం.

అరకు వలిసెపూలకీ బొర్రా గుహలకీ బాగుంటుంది, చలి కోసమే అయితే నా ఓటు పడదు. ఊటీ చలి మంచిదే, మనకి దూరం.

ఈసారి కనుమ మర్నాడు బయల్దేరుతున్నాం. లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ మీద సూర్యుడి కంటే ముందు ఉండాలని, రెండు రాత్రులకి గది తీసుకున్నాను. అమ్మ అప్పుడే స్వెటర్ తీసి ఎండలో వేసింది.