ఆన్రీ, ఫోర్లాన్: కుదురుకోవడానికి దొరికిన వ్యవధి

1999 ఆగస్టులో ఇటలీ క్లబ్ యువెంటస్ నుంచి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌కు వచ్చిన ఫ్రాన్స్ ఆటగాడు థియెరీ ఆన్రీ, 2002 జనవరిలో అర్జెంటీనా నుంచి మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చిన ఉరుగ్వే ఆటగాడు డియేగో ఫోర్లాన్, ఇద్దరూ మొదట్లో గోల్ కోసం మొహం వాచినవారే. ఆన్రీ నిరీక్షణ సెప్టెంబరులో సౌతాంప్టన్‌పై తీరిపోయింది. ఇటలీలో వింగ్‌లో, అంటే మైదానం పక్క అంచున ఆడిన అతణ్ని మేనేజర్ ఆర్సీన్ వెంగర్ మధ్యకు, స్ట్రైకర్ స్థానానికి తెచ్చి అక్కడే నిలకడగా ఆడించడంతో, ఆ సీజన్‌లో మొత్తం 26 గోల్స్ చేశాడు. అభిమానుల ఓర్పుకు పెద్ద పరీక్షేమీ ఎదురుకాలేదు.

ఫోర్లాన్ తొలి గోల్‌కు ఎనిమిది నెలలు పట్టింది, అదీ ఇజ్రాయెల్ క్లబ్ మకాబీ హైఫాపై పెనాల్టీతో. అతను ఎక్కువగా సబ్‌స్టిట్యూట్‌గానే దిగేవాడు కాబట్టి లయ అందుకునే వీలే తక్కువ. అయినా స్టాండ్స్‌లోని జనం అతణ్ని వదులుకోలేదు. 2002 డిసెంబరులో లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఆ జట్టు గోల్‌కీపర్ దూదెక్ చేజార్చిన బంతిని వలలోకి నెట్టి, కొద్ది నిమిషాలకే రెండో గోల్ కూడా కొట్టాక, ఆ జనమే అతనిపై పాట కట్టుకున్నారు.

నా దృష్టిలో అభిమానుల ఓర్పుకు ఫోర్లాన్ ఉదాహరణే గట్టిది. అయితే ఆడే స్థానం, వరుస మ్యాచ్‌లు దొరకనిదే చప్పట్లు ఒక్కటే స్ట్రైకర్‌ను నిలబెట్టలేవని ఆన్రీతో పోల్చి చూస్తే తెలుస్తుంది. 2004లో యునైటెడ్ ఫోర్లాన్‌ను స్పెయిన్ క్లబ్ విల్లారియల్‌కు అమ్మేసింది. ఆ తర్వాతి సీజన్‌లో తమ తమ లీగ్‌లలో చెరి 25 గోల్స్ చేసిన ఈ ఇద్దరూ, యూరప్ లీగ్‌లలో టాప్ గోల్ స్కోరర్‌కు ఇచ్చే యూరోపియన్ గోల్డెన్ షూను పంచుకున్నారు.