దానిమ్మ గింజలెన్ని? గ్రీకు, రోమన్ పురాణగాథల పేపరు చదివిన ఐదేళ్ళ తర్వాత

ఎమ్మే ఇంగ్లీషు మూడో సెమిస్టర్లో గ్రీకు, రోమన్ పురాణగాథల పేపరు ఆప్షనల్‌గా తీసుకుని ఐదేళ్ళు దాటింది. ఎన్ని క్రెడిట్లు, సిలబస్ ఏంటి, పాసవడం తేలికా కష్టమా, ఇవన్నీ ఏ సీనియర్నడిగినా చెబుతారు. నేను చెప్పదలుచుకున్నది ప్రతి శుక్రవారం ఇవ్వాల్సిన ఒకే ఒక్క పేజీ గురించి. మేమంతా దాన్ని ‘రెండు కథనాల కాగితం’ అనేవాళ్ళం. ఆ కాగితమంటే నాకెంత ప్రేమో, ఆఖరి పరీక్షంటే అంత కోపం. ఇన్నేళ్ళయినా రెండూ తగ్గలేదు.

ఒకే కథని ఇద్దరు చెప్పిన తీరు చదవాలి, ఎక్కడ తేడా వచ్చిందో పేజీలో రాయాలి. అంతే పని. కానీ ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు అన్నవి లేకపోతే కాగితం వెనక్కొచ్చేసేది. ‘అసలు కథ’ అని రాస్తే మేడం ఆ మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టేవారు.

ఒళ్ళంతా గాయం తగలని వీరుడు అకిలీస్‌కి మడమ ఒక్కటే చావుచోటన్న కథ హోమర్ ఇలియడ్‌లో ఉంటుందనుకునే క్లాసుకెళ్ళాం. 24 సర్గలూ తిరగేసినా లేదు. ట్రాయ్ నగరాన్ని పడగొట్టిన కొయ్యగుర్రమూ లేదు. హెక్టర్ అంత్యక్రియలతో ఇలియడ్ అయిపోతుంది. గుర్రం సంగతి హోమర్దే ఇంకో కావ్యం ఒడిస్సీలో ఒక పాటగాడు పాడతాడు, దాన్ని విస్తరించి చెప్పింది ఈనియడ్ రెండో సర్గలో రోమన్ కవి వర్జిల్. పసివాణ్ణి తల్లి స్టిక్స్ నదిలో ముంచిందన్నది హోమర్ తర్వాత ఎన్నో వందల ఏళ్ళకి, క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్ దగ్గర కనిపిస్తుంది. ఆ రోజు క్లాసులో నాకు దుర్యోధనుడి తొడ గుర్తొచ్చింది. గాంధారి గంతలు విప్పి చూసిందనీ, చూపు పడని చోటు తప్ప ఒళ్ళంతా వజ్రమైందనీ చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. వ్యాసభారతంలో అది లేదు. నన్నయగారు భారతం తెనిగించడం మొదలుపెట్టిన రాజమహేంద్రవరం మా ఊరికి బస్సు దూరమే. అయినా భారతాన్ని ఈ కంటితో చూడటం నాకు గ్రీకుల దగ్గర మొదలైంది.

మాది సఖినేటిపల్లి. పొద్దున్నే రేవులో పంటు ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురంలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో పీజీ సెంటరుకి. సగం చదువు పంటు మీదే సాగింది. మొదటి కాగితానికి, మా పక్కనే కదా అని, అంతర్వేది స్థలపురాణం తీసుకున్నాను. రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తురు ఎన్ని ఇసుకరేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుడతారు. గ్రీకు కథలో లెర్నా చిత్తడినేలలో ఉండే పలుతలల పాము హైడ్రాకి ఒక తల నరికితే రెండు మొలుస్తాయి. రెండూ ఒకటేనని మురిసిపోతూ రాశాను. కాగితం వెనక్కొచ్చింది. అంచున ఇలా ఉంది: ‘ఒకటే అని రాయడం తేలిక. ఎక్కడ వేరో రాయండి.’

మళ్ళీ కూర్చుని చూస్తే నిజంగానే వేరు. హైడ్రా విషయంలో చిక్కంతా తెగిన మెడ దగ్గరుంది. అందుకే దాన్ని చంపబోయిన వీరుడు హెరాక్లీస్ వెంట వచ్చిన తమ్ముడి కొడుకు ఇయొలావోస్ కాగడాతో మెడలు కాలుస్తాడు. అంతర్వేదిలో చిక్కు నేలది. నెత్తురు నేల తాకకూడదు. అందుకే అశ్వరూఢాంబిక, మా వాళ్ళు గుర్రాలక్క అనే అమ్మవారు, నేలంతా నాలుక పరుస్తుంది. ఒకచోట గాయాన్ని మూశారు, ఇంకోచోట నేలని కాచారు. ఏటా భీష్మ ఏకాదశి తీర్థానికి వెళ్ళే నాకు ఇరవై రెండేళ్ళకి గానీ ఈ సంగతి తట్టలేదు.

తొమ్మిదో వారం పంటల దేవత డిమీటర్, ఆవిడ కూతురు పెర్సెఫొనీ.

హోమర్ పేరు మీద చెలామణీ అయ్యే స్తోత్రాల్లో డిమీటర్ది 495 పంక్తులు. ఇంత పేరున్న ఆ స్తోత్రం ఒకే రాతప్రతిలో మిగిలింది, అదీ 1777లో మాస్కోలో బయటపడింది. ఆ ప్రతి దొరక్కపోయుంటే తల్లి వైపు నుంచి చెప్పిన ఈ కథ ఇలా మన చేతికొచ్చేదే కాదు. దీనికి జతగా రోమన్ కవి ఒవిడ్ చెప్పింది చదవమన్నారు. ఆ శనివారం ఇంట్లో అరుగు మీద కూర్చుని చదువుతుంటే మామ్మ పక్కనే కొబ్బరీనెలు గీస్తోంది, చీపురు కట్టడానికి. ఏం చదువుతున్నావే అంది. చెప్పడం మొదలుపెట్టాను.

పిల్ల పూలు కోసుకుంటుంటే నేల చీల్చుకుని రథమొచ్చి ఎత్తుకుపోయిందన్నాను. తండ్రి జ్యూస్ ముందే ఒప్పుకున్నాడన్నాను.

“తల్లినడక్కుండానే ఇచ్చేశాడా?”

“తల్లికీ తెలీదు, పిల్లకీ తెలీదు మామ్మా.”

“ఊఁ. చెప్పు.”

తల్లి తొమ్మిది రోజులు తిండీ స్నానం లేకుండా కాగడాలు పట్టుకుని వెతకడం, ఎల్యూసిస్‌లో ముసలమ్మ వేషంలో బావి దగ్గర కూలబడటం, నీళ్ళకొచ్చిన నలుగురు ఆడపిల్లలు పలకరించి ఇంటికి తీసుకెళ్ళడం, అక్కడ పసివాడికి దాదిగా కుదరడం, అన్నీ చెప్పాను. చివరికి తల్లి కోపంతో ఒక్క గింజ మొలకెత్తనివ్వలేదంటే, “కాలవ కట్టేసినట్టన్నమాట” అంది. పిల్లని తిరిగి పంపేటప్పుడు, ఎత్తుకుపోయిన పాతాళరాజు హేడీస్ దొంగచాటుగా దానిమ్మ గింజ తినిపించాడని చెప్పేసరికి ఈనె మీద కత్తి చప్పుడు ఆగింది.

“ఎన్ని గింజలు?”

“ఇందులో ఒక్కటే. ఒవిడ్ అనే ఆయన ఒక కావ్యంలో ఏడంటాడు, ఇంకోదాంట్లో మూడంటాడు.”

“ఒక్కటి చాలదూ? అత్తారింట్లో ఒక్క మెతుకు నోట్లో పడ్డాక ఇంక పుట్టింటికి చుట్టంచూపే.” కాసేపాగి, “ఏడాదిలో ఎన్నాళ్ళు అక్కడుండాలి?” అంది.

“మూడోవంతు. అంటే నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలూ తల్లి దగ్గరే.”

“ఎనిమిది నెలలే! నాకు ఆషాఢం నెల్లాళ్ళు. అదీ మొదటేడే.”

అప్పుడు చెప్పింది. పద్నాలుగో ఏట పెళ్ళి చేసి నరసాపురం అవతల ఊరినుంచి పడవలో ఈ ఒడ్డుకి తెచ్చారట. “పడవ నడిమధ్యకొచ్చేదాకా మా అమ్మ రేవులో మోకాలిలోతు నీళ్ళలో నిలబడే ఉందే. పట్టుచీర తడిసిపోతోందని ఎవరో అరుస్తున్నారు. కదల్లేదు.” అంతే చెప్పి మళ్ళీ ఈనె తీసుకుంది. ఇరవై రెండేళ్ళు ఆవిడ ఒళ్ళో పెరిగాను. ఈ సంగతి అంతకుముందు ఒక్కసారీ వినలేదు.

ఆ వారం కాగితంలో స్తోత్రం, ఒవిడ్, చివర నాలుగు వాక్యాల్లో మామ్మ చెప్పింది. వెనక్కొస్తుందనే ఇచ్చాను. మేడం క్లాసులో చదివి వినిపించారు. అంచున మాత్రం ఎర్రసిరా ఉంది: ‘మీ మామ్మగారు ఏ ఊరినుంచి ఏ ఊరికొచ్చారు? వాళ్ళమ్మగారి పేరేమిటి? చెప్పిన మనిషి లేకుండా కథనం ఉండదు.’

ఆ క్లాసులోనే ఇంకో చర్చ నడిచింది. పెర్సెఫొనీ లేని నాలుగు నెలలు ఏవి? వసంతంలో పూలతో పాటు తిరిగొస్తుందని స్తోత్రమే చెబుతుంది కాబట్టి చలికాలమనేది ఒక లెక్క. గ్రీసులో విత్తేది శరత్తులో, కోసేది వేసవి మొదట్లో, తర్వాత నేల ఎండిపోతుంది, గింజ పాతరలో ఉంటుంది కాబట్టి ఆ నాలుగు నెలలూ వేసవేనని కొందరు పండితుల లెక్క. క్లాసులో డెల్టా పిల్లలందరం వేసవి పక్షమే. రెండో పంట దాళ్వా కోతలయ్యి ఏప్రిల్లో కాలవలు కట్టేశాక, తొలి పంట సార్వాకి మళ్ళీ నీళ్ళొదిలేదాకా మా చేలు నెర్రెలిచ్చి ఎలా ఉంటాయో చూసినవాళ్ళం కదా.

ఇక పరీక్ష. పీజీ సెంటర్లో పాఠం చెప్పేది ఒకరు, ప్రశ్నపత్రం తయారు చేసేది ఎక్కడో ఇంకొకరు. వ్యాసాలతో పాటు బిట్లున్నాయి, ఓఎమ్మార్ షీట్లో సున్నాలు నింపాలి. అందులో ఒక బిట్టు: ‘పెర్సెఫొనీ తిన్న దానిమ్మ గింజలెన్ని?’ ఇచ్చిన జవాబులు 3, 4, 6, 7.

పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. స్తోత్రం ప్రకారం ఒకటి, అది జవాబుల్లోనే లేదు. ఒవిడ్ ‘ఫాస్తి’ ప్రకారం మూడు, ‘మెటమార్ఫసిస్’ ప్రకారం ఏడు, రెండూ ఉన్నాయి. ఎవరి లెక్క అడుగుతున్నారో ప్రశ్నలో లేదు. ఇన్విజిలేటర్నడిగితే ఏదో ఒకటి నింపమ్మా, టైమైపోతోందన్నారు. ఏడు నింపి బయటికొచ్చాను. కీలో ఆరు. అది ఎక్కణ్ణుంచొచ్చిందో ఆ తర్వాత వెతుక్కున్నాను. ఇప్పటి వాళ్ళు తిరగరాసిన కథల్లో ఉంది, నెలకో గింజ చొప్పున ఆరు నెలలకి ఆరు.

పోయింది ఒక్క మార్కే. అయినా ఊరుకోలేకపోయాను. స్తోత్రంలో ఆ పంక్తులూ, ఒవిడ్ రెండు కావ్యాల్లో ఆ చోట్లూ జిరాక్స్ తీయించి, అర్జీ రాసి పరీక్షల విభాగానికి వెళ్ళాను. బిట్లకి రీవాల్యుయేషన్ లేదన్నారు. కీ పైనుంచొచ్చింది, మా చేతిలో లేదన్నారు. కాగితాలు కనీసం తిరగేసి చూడలేదు, గుమస్తా వాటి మీద టీ గ్లాసు పెట్టాడు. మేడం కూడా ఒక ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. పద్నాలుగు వారాలు ‘ఎవరి లెక్క ప్రకారం?’ అని అడగడం నేర్పి, చివర్లో ఆ ప్రశ్న రాయడానికి చోటే లేని షీటు చేతిలో పెట్టడం నాకు ఈ రోజుకీ మింగుడుపడదు. గైడు చదివి ఆరు నింపినవాళ్ళని నేనేమీ అనను. వాళ్ళు చదివినదాంట్లో ఆరే ఉంది.

కోర్సయిన కొత్తలో ఎవరడిగినా కళ్ళు మూసుకుని తీసుకోమని చెప్పాను. ఇప్పుడంత గట్టిగా చెప్పలేను. ఆ కాగితం పద్ధతి సిలబస్‌లో లేదు, అది మేడం సొంతం. మేము ఇరవై మూడుమందిమి కాబట్టి ప్రతి కాగితమూ చదివి రాయగలిగారు. ఆవిడ వెళ్ళిపోయాక కాగితం ఉంది గానీ, ముందు బ్యాచ్ వాళ్ళది చూసి దించేసి ఇచ్చినా తీసుకుంటున్నారని తర్వాతి వాళ్ళు చెప్పారు. రోమన్ సగం అప్పుడూ హడావుడే. ఈనియడ్ 12 సర్గల్లో చదివింది 2, 4, 6. మెటమార్ఫసిస్ 15 సర్గలు, అందులో రెండువందల యాభై దాకా కథలుంటే మాకు అందినవి పదో పన్నెండో.

ఇంకొకటి మేడం మీద గౌరవంతోనే చెబుతున్నాను. మెటమార్ఫసిస్ ఆరో సర్గలో ఫిలొమెలా కథ సిలబస్‌లో ఉంది, క్లాసులో జరగలేదు. బావ చెరిచి, చెప్పకుండా నాలుక కోసేస్తే, జరిగిందంతా బట్టలో నేసి తోబుట్టువుకి పంపిన మనిషి కథ. ‘ఇంట్లో చదువుకోండి’ అని ఆవిడ పేజీ తిప్పేశారు. మా క్లాసులో ఎక్కువమంది ఆడపిల్లలమే. రోజూ పంటు మీద నా పక్కన నరసాపురం లేసు అల్లుకుంటూ కూర్చునే ఆడవాళ్ళుండేవారు. వాళ్ళ వేళ్ళు చూస్తూ ఆ కథ ఒక్కదాన్నే చదువుకున్నాను. నోరు విప్పి మాట్లాడుకోవాల్సిన కథ మా అందరికీ విడివిడిగా మిగిలిపోయింది.

ఉద్యోగం లెక్కలో చూస్తే డీఎస్సీలో ఈ పేపరు నాకు ఒక్క మార్కూ తేలేదు. హాస్టల్లో ఉండి పక్కన నెట్‌కి ప్రిపేరయ్యేవాళ్ళకి వారానికో కాగితం బరువే అవుతుంది. నాకు రానూ పోనూ నది మీద కాస్త తీరికుండేది, ఇంట్లో వినే మనిషుండేది. అవి లేకపోతే ఇదే కోర్సు నాకెలా ఉండేదో చెప్పలేను. ఇప్పుడు హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లల్ని ఏటా ఒకసారి అంతర్వేది కథ ఇంట్లో అడిగి రాసుకు రమ్మంటాను. పోయినేడు ఒకడి కథలో గుర్రాలక్క పేరే లేదు. ఎవరు చెప్పార్రా అంటే, “మా తాత, పడవలో” అన్నాడు. అదీ రాయించాను.

ఈ పేపరు తీసుకోబోయేవాళ్ళు మన వైపు వాళ్ళయితే నా కాగితాలు పద్నాలుగూ దాచే ఉన్నాయి, జిరాక్స్ తీసి ఇస్తాను. తొమ్మిదోది మాత్రం ఇవ్వను. మామ్మ పోయి రెండేళ్ళయింది. మేడం అడిగినట్టే దాన్ని మళ్ళీ రాశాను, రెండు ఊళ్ళ పేర్లతో, రేవు పేరుతో, నీళ్ళలో నిలబడ్డావిడ పేరుతో సహా.